ఫ్రెంచ్ సైన్యం రేషన్ పెట్టె: ఇంట్లో తిని, పనికొచ్చే రివ్యూ రాయడం ఎలా

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. సైన్యం కోసం డబ్బాల్లో మూసిన తిండిని ఇంట్లో కూర్చుని రుచి చూసేవాడి చిక్కంతా ఈ సామెతలోనే ఉంది. ఆ తిండి చేసినవాళ్ళ మనసులో ఉన్నది రోజంతా బరువు మోస్తూ నడిచి, చలికి వణుకుతూ ఎక్కడో రాయి మీద కూర్చున్న మనిషి. మనమేమో ఉదయం ఉప్మా తిని, పదకొండుకి టీ తాగి, పన్నెండున్నరకి పెట్టె విప్పి, రెండు చెంచాలు నోట్లో పెట్టుకుని "ఉప్పు ఎక్కువ, ఐదుకి మూడు" అని రాసేస్తాం. నా మొదటి రివ్యూ సరిగ్గా అలాంటిదే. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

నేనుండేది ఫ్రాన్స్‌కు దక్షిణాన తులూజ్‌లో. విమానాల పరిశ్రమ, ఏరోస్పేస్ చదువుల పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్ళకు కొదవలేదు. మొదటి పెట్టె సరదాగా కొన్నాను. తర్వాత అది కాస్త పిచ్చిగా మారింది. ఇన్ని పెట్టెలు తిన్నాక కుదిరిన పద్ధతి ఇది.

పెట్టెలో ఏముంటుంది

ఫ్రెంచ్ సైన్యపు ఈ పెట్టెను ఆర్‌సీఐఆర్ అంటారు. వేడిచేసుకోగల వ్యక్తిగత యుద్ధ రేషన్ అని దాని అర్థం. ఒక అట్టపెట్టె అంటే ఒక మనిషికి 24 గంటల తిండి. బరువు సుమారు కిలోన్నర, శక్తి సుమారు 3,200 కిలోకేలరీలు. లోపల రెండు ప్రధాన వంటకాల డబ్బాలు, ఒక చిన్న డబ్బాలో పాతే లాంటి మాంసపు ముద్దో చేపల ముద్దో, చీజ్, సూప్ పొడి, గట్టి బిస్కెట్లు, చాక్లెట్, మిఠాయిలు, ఏదో ఒక తీపి వంటకం, కాఫీ, టీ, చక్కెర ఉంటాయి. వీటితోపాటు మడతపెట్టే రేకు పొయ్యి, ఇంధన బిళ్ళలు, అగ్గిపుల్లలు, నీళ్ళు శుభ్రం చేసే మాత్రలు, తుడుచుకునే కాగితం, చెత్త వేసుకునే సంచి. మెనూను బట్టి, ఏడాదిని బట్టి వివరాలు మారుతుంటాయి కాబట్టి ఎవరో ఇచ్చిన జాబితాను నమ్మకుండా మీ పెట్టెలో ఉన్నదే రాయండి.

ఇది ఒక పూట తిండి కాదు, ఒక రోజు తిండి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అఫ్ఘానిస్తాన్‌లో ఒక ఫ్రెంచ్ పెట్టెకు ఐదు ఎమ్మారీలు, అంటే అమెరికన్ సైన్యపు రేషన్ పొట్లాలు ఇచ్చి మారకం చేసుకునేవాళ్ళని సైనికులు చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఫ్రెంచ్‌వాళ్ళు దాన్ని ఎంతో ఇష్టంగా చెబుతారు. అయితే ఎమ్మారీ ఒక్క పూట భోజనం, సుమారు 1,250 కేలరీలు. కేలరీల లెక్కన చూస్తే ఒక ఫ్రెంచ్ పెట్టె రెండున్నర ఎమ్మారీలకు సమానం. ఆ కథ నిజమైనా అందులో సగం గొప్పదనం పెట్టె సైజుదే. మీరు రెంటినీ పోల్చి రాస్తే ఈ లెక్క ముందే చెప్పండి.

కొనేటప్పుడు

సైనిక సామాన్లు అమ్మే సర్‌ప్లస్ దుకాణాల్లో, పాత సామాన్ల సంతల్లో, ఆన్‌లైన్‌లో ఇవి దొరుకుతాయి. చూడాల్సింది రెండు విషయాలు: పెట్టె మీద మెనూ నంబరు, తేదీ. ఆన్‌లైన్‌లో కొంటే ఆ రెండూ కనిపించే ఫొటో అడగండి. నేనొకసారి అడగకుండా కొని, గడువు దాటి రెండేళ్ళయిన పెట్టె తెచ్చుకున్నాను. అమ్మినాయన "సైన్యం తిండి పాడవదండీ" అన్నాడు. చాక్లెట్ తెల్లబడి సుద్దముక్కలా ఉంది.

ఫ్రాన్స్‌లో తేదీలు రెండు రకాలు. "ఫలానా నాటికి తింటే మంచిది" అనేది నాణ్యత తేదీ. అది దాటినంత మాత్రాన విషం కాదు, రుచి తగ్గుతుంది. "ఫలానా రోజు దాకానే తినాలి" అనేది భద్రత తేదీ. డబ్బా తిండి మీద సాధారణంగా మొదటి రకమే ఉంటుంది. అయినా రివ్యూ రాసేవాళ్ళు గడువు లోపలి పెట్టే కొనాలి. పాతబడ్డ తిండిని తిని వంటవాడిని తిట్టడం న్యాయం కాదు.

ఇండియాకు తీసుకెళ్ళి ఇంట్లోవాళ్ళకు చూపిద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. మాంసం ఉన్న సరుకుకు దిగుమతి అనుమతులు కావాలి, కస్టమ్స్ దగ్గర పోతుంది. ఇంధన బిళ్ళలనైతే విమానంలో ఏ సామాన్లలోనూ పెట్టకూడదు. అవి మండే పదార్థాలు.

ఏ మాంసమో చూసుకోవడం

మనవాళ్ళకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. కోడి, మేక తినేవాళ్ళలోనే గొడ్డుమాంసం ముట్టనివాళ్ళున్నారు, పంది ముట్టనివాళ్ళున్నారు. పెట్టె మీద "సాఁ పోర్" అని ఉంటే పంది మాంసం లేదని అర్థం. దాని అర్థం అంతవరకే. అందులో గొడ్డుమాంసం ఉండొచ్చు. హలాల్ అని కూడా కాదు. నా స్నేహితుడొకడు ఆ రెండు మాటలు చూసి నిశ్చింతగా చెంచా ముంచబోయాడు. లోపలున్నది గొడ్డుమాంసం పులుసు. పదార్థాల జాబితా చదివింది నేను కాబట్టి సరిపోయింది.

జాబితాలో వెతకాల్సిన మాటలు ఇవి. పోర్ అంటే పంది, రాసేటప్పుడు పి, ఓ, ఆర్, సి. బఫ్ అంటే గొడ్డుమాంసం, అందులో బి తర్వాత ఓ, ఇ అతుక్కుపోయిన జంట అక్షరం కనిపిస్తుంది. వో అంటే దూడ మాంసం. అన్యో గొర్రెపిల్ల, కనార్ బాతు, లపాఁ కుందేలు, పులే కోడి, తోఁ ట్యూనా చేప. వీటిని గుర్తుపట్టడం తేలికే. దాక్కుని ఉండేవి వేరే ఉన్నాయి. సాఁదూ అంటే పంది కొవ్వు. కువాన్ అంటే పంది చర్మం. ఫ్వా అంటే కార్జం, ఏ జంతువుదో పక్కనే రాసి ఉంటుంది. జెలటీన్ మిఠాయిల్లోనూ తీపి వంటకాల్లోనూ కనిపిస్తుంది, అది పందిదో గొడ్డుదో కావచ్చు. బుర్గుండి పద్ధతి వంటకంలో వ్యాఁ, అంటే వైన్ పడుతుంది. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు, కాని అది "కువాన్"ను ఉత్త "తొక్క" అని వదిలేస్తే పండు తొక్కేమో అనుకునే ప్రమాదం ఉంది.

పూర్తి శాకాహారులకు ఈ పెట్టెలోని ప్రధాన వంటకాలు చాలావరకు పనికిరావు. బిస్కెట్లు, చాక్లెట్, పండ్ల గుజ్జు మిఠాయి వరకు రుచి చూసి, మిగతాది పంచుకునే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

తెరవక ముందు డబ్బాను తట్టి చూడండి

డబ్బాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోండి. మూత ఉబ్బి ఉంటే, అతుకు దగ్గర సొట్ట పడితే, తుప్పు లోపలికి తిన్నట్టుంటే, తెరవగానే రసం చిమ్మితే పారేయండి. రుచి చూసి తేల్చుకుందామని అసలు అనుకోవద్దు. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బును కలిగించే విషానికి వాసన ఉండకపోవచ్చు, చిన్న చెంచాడు చాలు ఆసుపత్రి పాలవడానికి. ఒక్క డబ్బా మీద అనుమానం వస్తే అదొక్కటే పడేస్తే చాలు. ఒకే పెట్టెలో రెండు మూడు డబ్బాలు అలా కనిపిస్తే పెట్టె మొత్తం పడేయండి.

ఈ భయం ఎంత పాతదో చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బా తిండి పుట్టిందే ఫ్రాన్స్‌లో. నికొలా అపెర్ అనే మిఠాయిల తయారీదారు తిండిని గాజు సీసాల్లో పెట్టి, గట్టిగా బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉడికిస్తే నెలల తరబడి నిలవుంటుందని కనిపెట్టాడు. 1810లో ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు ఇచ్చింది, బదులుగా పద్ధతిని పుస్తకంగా అచ్చువేయమంది. ఎందుకు నిలవుంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. అదే 1810లో ఇంగ్లండ్‌లో రేకు డబ్బాకు పేటెంట్ వచ్చింది. దాన్ని తెరిచే పరికరం రావడానికి మాత్రం ఇంకా దశాబ్దాలు పట్టింది, అంతవరకు ఉలి, సుత్తే గతి. డబ్బాలో పెట్టి వేడితో శుద్ధిచేయడాన్ని ఫ్రెంచ్‌వాళ్ళు ఇప్పటికీ ఆయన పేరుతోనే అపెర్టిజాసియోఁ అంటారు.

రివ్యూకు దీనితో నేరుగా పని ఉంది. పులుపు తక్కువున్న తిండిలో బొటులిజం బీజాలు చావాలంటే డబ్బా నడిమధ్య కూడా 121 డిగ్రీల వేడి మూడు నిమిషాలైనా తగలాలి. మధ్యకు అంత వేడి చేరేసరికి అంచులు ఎంతసేపు ఉడుకుతాయో ఆలోచించండి. కాబట్టి డబ్బాలో క్యారెట్ మెత్తబడిందని, బఠాణీ రంగు పోయిందని రాయడం అనవసరం, అది ఎలాగూ జరిగేదే. చూడాల్సింది ఏ వంటకాన్ని డబ్బాలోకి ఎంచుకున్నారన్నది. గింజలు, పులుసులు, నెమ్మదిగా ఉడికే గట్టి మాంసం ఈ అతి ఉడుకుతో బాగుపడతాయి. అన్నం, పాస్తా పాడవుతాయి. అందుకే నా అనుభవంలో బియ్యంతో చేసిన పాయెలా ఎప్పుడూ ముద్దగానే వచ్చింది, చిక్కుడు గింజల కసూలే దాదాపు ఎప్పుడూ బాగుంది.

ఆకలిని ఏర్పాటు చేసుకోండి

ఈ మొత్తం పద్ధతిలో ఒక్క అడుగే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. తినే రోజు ఉదయం పెట్టెలోని కాఫీ, బిస్కెట్లు, చాక్లెట్ తప్ప ఇంకేమీ తినకండి. తర్వాత వీపున ఓ సంచి వేసుకుని ఎనిమిది, పది కిలోమీటర్లు నడవండి. నేను కనాల్ దు మిదీ గట్టున నడుస్తాను. 1666 నుంచి 1681 మధ్య పియెర్-పోల్ రికే తవ్వించిన ఈ కాలువ తులూజ్ నుంచి కాస్తెల్నోదరీ మీదుగా మధ్యధరా సముద్రం దిక్కుకు పోతుంది. పక్కన చెట్ల నీడ, చదునైన దారి. మీ ఊళ్ళో ఏ దారైనా ఫరవాలేదు. ముఖ్యమైంది, తినే సమయానికి కడుపు కాలుతూ ఉండాలి.

షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఈ ఉపవాసం జోలికి పోవద్దు, పెట్టె మొత్తం ఒక్కరే తినే ప్రయత్నం అసలే వద్దు. యూరప్ లేబుళ్ళ మీద సోడియం బదులు ఉప్పు, వాళ్ళ మాటలో సెల్, ఇంత అని నేరుగా రాస్తారు. మన లేబుళ్ళ మీద సోడియం ఉంటుంది కాబట్టి పోల్చేటప్పుడు సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు ఒక గ్రాము ఉప్పున్న కూర 300 గ్రాముల డబ్బాలో ఉంటే, ఆ ఒక్క డబ్బాతోనే మూడు గ్రాములు లోపలికి వెళ్ళినట్టు. రోజుకు ఐదు గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చెమటోడ్చే సైనికుడికి కావాల్సిన లెక్క వేరు, ఆఫీసు కుర్చీ లెక్క వేరు.

ముందురోజు రాత్రి ఆవకాయ, పచ్చిమిరపకాయ బజ్జీ మానేయండి. ఇది మనవాళ్ళకే చెప్పాల్సిన మాట. మన నాలుక కారానికి అలవాటుపడి ఉంటుంది, ఫ్రెంచ్ వంటలో కారం లేకపోవడం లోపంగా తోస్తుంది. అది లోపం కాదు, వాళ్ళ దృష్టి వేరేచోట ఉంటుంది. మిరియం, థైమ్ ఆకు, వెల్లుల్లి, వేపుడు ఉల్లి, కొవ్వు వాసనల మీద. వాటిని పట్టుకోవడానికి నాలుకకు ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి.

పొయ్యి

రేకు పొయ్యిని మడతలు విప్పి నిలబెట్టి, ఇంధన బిళ్ళ వెలిగించి, పైన డబ్బా పెట్టడం. వినడానికి సులువే. ఈ బిళ్ళ తెల్లగా, చూడటానికి కర్పూరం బిళ్ళలాగో చక్కెర ముద్దలాగో ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో పెట్టె విప్పగానే మొదట దాచాల్సింది ఇదే. నీళ్ళ మాత్రలు రెండోది. చూయింగ్ గమ్ పక్కనే ఉంటే వాటిని పుదీనా బిళ్ళలనుకుని నోట్లో వేసుకునేవాళ్ళున్నారు.

ఇలాంటి ఘన ఇంధనం మండితే వచ్చే పొగ మంచిది కాదు, కాబట్టి వంటింట్లో వద్దు, తలుపులు మూసిన బాల్కనీలోనూ వద్దు. ఆరుబయట, గాలి తగలని మూల, మట్టి మీదో రాయి మీదో పెట్టండి. దక్షిణ ఫ్రాన్స్‌లో వేసవిలో అడవుల దగ్గర, పొదల దగ్గర మంట పెట్టడం నిషేధం. ఆ నెలల్లో ఇంటి పెరడే మేలు.

డబ్బాను మూసి ఉంచి వేడి చేయకూడదు, పేలుతుంది. మూత సగానికి పైగా తెరిచి, దాన్నే పిడిలా పైకి వంచండి. అడుగు నుంచి కలుపుతూనే ఉండాలి. నా మొదటి కసూలే పైన చల్లగా, అడుగున మాడి, మధ్యలో గోరువెచ్చగా దిగింది, పైగా దాన్నే రుచి అనుకుని రాసేశాను. ఒక బిళ్ళ ఆరిపోయాకే రెండోది వెలిగించండి. డబ్బా దించడానికి మందపాటి గుడ్డ కావాలి, అడుగున మసి పట్టి ఉంటుంది కాబట్టి మంచి తువ్వాలు వాడకండి.

పొయ్యి మీద చేయలేకపోతే గిన్నెలోకి వంచి స్టవ్ మీద వేడి చేయండి. డబ్బాతో సహా మైక్రోవేవ్‌లో పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఏ పద్ధతిలో వేడి చేశారో మాత్రం రివ్యూలో రాయాలి. నేనైతే రెండు ప్రధాన వంటకాల్లో ఒకటి రేకు పొయ్యి మీద, రెండోది ఇంట్లో గిన్నెలో చేస్తాను.

వేడి ఎక్కకముందు ఒక చెంచా, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒకటి, బాగా వేడెక్కాక ఒకటి రుచి చూడండి. సైనికుడికి ప్రతిసారీ పొయ్యి వెలిగించే వీలుండదు, చల్లగా ఎలా ఉందన్నది సగం రివ్యూ. బాతు కొవ్వు చల్లగా ఉన్నా మెత్తగా కరుగుతుంది. గొర్రె కొవ్వు చల్లబడితే మైనంలా గట్టిపడి అంగిట్లో అంటుకుంటుంది. చల్లారిన మటన్ పులుసు తిన్న ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు. అదే గొర్రె వంటకం వేడిగా తింటే మీకు మొత్తం పెట్టెలో అన్నిటికన్నా నచ్చవచ్చు.

వరుస తప్పకుండా తినడం

ఫ్రెంచ్‌వాళ్ళ భోజనానికి వరుస ఉంది. ముందు చిన్న వంటకం, తర్వాత ప్రధాన వంటకం, తర్వాత చీజ్, చివర తీపి. గుంటలో కూర్చుని తినే రేషన్‌లో కూడా ఆ వరుసను వదల్లేదు. నాకు ఈ పెట్టె మీద ఇష్టం కలిగింది రుచి కన్నా ఇందుకే. కాబట్టి అన్నీ ఒకేసారి తెరిచి తలా ముక్క కొరకడం ఈ పెట్టెకు అన్యాయం. పెళ్ళి విస్తట్లో పెరుగన్నం ముందు తిని పప్పు చివర తిన్నట్టుంటుంది.

ఉదయం కాఫీ, గట్టి బిస్కెట్, చాక్లెట్. ఈ గట్టి బిస్కెట్‌ను పాఁ ద గెర్ అంటారు, యుద్ధపు రొట్టె అని అర్థం. రస్క్ కన్నా బరువుగా, దాదాపు చప్పగా ఉంటుంది. దాన్ని ఒంటరిగా తిని తీర్పు చెప్పడం ఉత్త అన్నం తిని పప్పు బాగాలేదనడం లాంటిది. కాఫీలో ముంచి ఎంతసేపటికి మెత్తబడుతుందో చూడండి, ముంచి తీశాక విరిగి కప్పులో పడుతుందో లేదో చూడండి. మధ్యాహ్నం దాని మీదే పాతే రాసుకుని తినాలి.

పాతే దగ్గర మనవాళ్ళు చాలామంది ఆగిపోతారు. కార్జం వేపుడు ఇష్టంగా తినేవాళ్ళు కూడా, అదే కార్జం రుబ్బి, కొవ్వు కలిపి, చల్లగా ముందు పెడితే ముఖం ముడుచుకుంటారు. దీన్ని వేడి చేయకండి, చల్లగా తినడానికే చేశారు. పైన కనిపించే పసుపుపచ్చని జెల్లీ చెడిపోయిన గుర్తు కాదు, ఎముకల రసం గడ్డకట్టింది. మొదటి ముద్దను లెక్కపెట్టకండి, రెండోదాని గురించి రాయండి. మొదటి ముద్దలో మీ అనుమానమే ఎక్కువ రుచిగా తగులుతుంది.

మధ్యాహ్నం ఒక ప్రధాన వంటకం, చీజ్, ఒక తీపి. రాత్రికి సూప్, రెండో వంటకం, చివరి తీపి. మిఠాయిలు జేబులో వేసుకుని నడకలో తినండి, అవి ఉన్నది అందుకే. ముద్దకూ ముద్దకూ మధ్య మంచినీళ్ళు, ఉప్పులేని రొట్టె ముక్క చాలు.

వైన్ ఉంటుందా అని అందరూ అడుగుతారు. ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మాత్రం ఫ్రెంచ్ సైనికుడికి రోజువారీ వైన్ ఉండేది, పావు లీటరుతో మొదలై అర లీటరుకు పెరిగింది. దాన్ని వాళ్ళు పినార్ అని ముద్దుగా పిలిచేవారు. డబ్బా గొడ్డుమాంసాన్నేమో కోతి అనేవారు, అది ముద్దుగా కాదు. 1954లో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ ముట్టడిలో చిక్కుకున్న ఫ్రెంచ్ సైన్యానికి విమానాల నుంచి వినోజెల్ అనే చిక్కబరచిన వైన్ జారవిడిచారు.

పోల్చడానికి ఒకటి పక్కన పెట్టుకోండి

ఒంటరిగా తిన్న డబ్బా గురించి ఏం రాసినా గాల్లో మాటే. అదే వంటకం డబ్బా ఒకటి మామూలు సూపర్ మార్కెట్‌లో కొనండి. రెండిటినీ ఒకే రకం గిన్నెల్లో, ఒకే వేడి మీద పెట్టి, ఏది ఏదో మీకు చెప్పకుండా ఇంట్లోవాళ్ళను వడ్డించమనండి. నేను ఇలా కసూలేతో చేసినప్పుడు సైన్యం డబ్బా అనుకుని పొగిడింది సూపర్ మార్కెట్ డబ్బాను. పెట్టె మీదున్న ఆకుపచ్చ రంగుకు మనం ఎంత లొంగిపోతామో అప్పుడు తెలిసింది.

కుదిరితే అసలు వంటకాన్ని దాని ఊళ్ళో తినండి. కసూలే అనగానే కాస్తెల్నోదరీ, కార్కసోన్, తులూజ్ మూడూ మాదంటే మాదని కొట్టుకుంటాయి. తెల్ల చిక్కుడు గింజలు, పంది, బాతు, సాసేజీ కలిపి కసోల్ అనే మట్టి పాత్రలో గంటల తరబడి కాల్చడం దాని పద్ధతి, ఆ పాత్ర పేరే వంటకానికి వచ్చింది. నూరేళ్ళ యుద్ధంలో ఆంగ్లేయులు ముట్టడించినప్పుడు ఊరంతా ఉన్న గింజలూ మాంసమూ ఒక్క కుండలో పోసి వండారని కాస్తెల్నోదరీ కథ. ఈ తెల్ల గింజలు అమెరికా ఖండం నుంచి వచ్చింది ఆ యుద్ధం ముగిశాకే, కాబట్టి కథ కథే. ఇప్పుడు అదే ఊళ్ళో ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌లో కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చే రెజిమెంట్ ఉంది. మట్టిపాత్రలో పైన కట్టిన గోధుమరంగు పొర డబ్బాలో ఎప్పటికీ రాదు. అడుగున చిక్కటి రసం, గింజ చిట్లకుండా లోపల వెన్నలా ఉండటం మాత్రం మంచి డబ్బాలో వస్తాయి. దేన్ని వెతకాలో తెలిస్తేనే అది కనబడుతుంది.

మాటలు

"బాగుంది", "సూపర్", "పర్లేదు" అనే మూడు మాటలను ఈ పని పూర్తయ్యేదాకా కట్టిపెట్టండి. రుచి విషయంలో తెలుగుకు మాటల కరువు లేదు. ఉప్పు తేలిందా, సరిపోయిందా, చప్పబడిందా? కొవ్వు పెదవులకు జిడ్డుగా అంటుతోందా, కమ్మగా ఉందా? మాంసం పీచు పీచుగా విడిపోతోందా, పిప్పిలా ఉందా, రబ్బరులా సాగుతోందా? గింజ పలుకు మిగిలిందా, ముద్దయిందా? చేప నీచు వాసన కొడుతోందా? వైన్ పడిన పులుసులో వగరు ఉందా? డబ్బాలో కొద్దిగా రేకు వాసన, మాడు వాసన, కనరు వాసన మూడూ వేర్వేరు, మూడింటికీ కారణాలు వేర్వేరు. మా అమ్మ వీడియో కాల్‌లో నన్ను అడిగిన ప్రశ్న ఇంకా నయం: "అన్నంలో కలుస్తుందా?" ప్రతి రివ్యూలో ఒక వరుస దానికి కేటాయిస్తున్నాను. గొర్రె పులుసు కలుస్తుంది. కసూలే కలవదు.

కారం చల్లుకోవాలనిపిస్తే చల్లుకోండి, పూర్తి రివ్యూ రాశాక, చివరి నాలుగు చెంచాల్లో. దాన్ని వేరే వరుసగా రాయండి.

రాయడం

తింటూనే రాసుకోవాలి. రాత్రికి జ్ఞాపకం తీపి పక్కకు వాలిపోతుంది. మెనూ నంబరు, తేదీ, నికర బరువు, ఎక్కడ తిన్నారు, చలి ఎంత, చివరిసారి తిని ఎన్ని గంటలైంది, ఎంత నడిచారు. వీటిని ముందే రాసేయండి. తర్వాత ఒక్కో వంటకానికి చల్లగా, వేడిగా ఎలా ఉందో రెండేసి వాక్యాలు. చివర పళ్ళెంలో ఏం మిగిలిందో తూకం వేయండి. నోరు ఏం చెప్పినా మిగిలిన తిండి అబద్ధం చెప్పదు. మరుసటి ఉదయం ఇంకో వాక్యం రాయండి: రాత్రి దాహం వేసిందా, పొట్ట బరువుగా ఉందా, నిద్ర పట్టిందా. సైన్యానికి ఈ వాక్యం మీ నక్షత్రాలన్నిటికన్నా ఎక్కువ అవసరం.

నా పుస్తకంలోంచి ఒక నమూనా:

"కసూలే, 300 గ్రాములు. జనవరి, కాలువ గట్టు, 4 డిగ్రీలు, గాలి. తిని ఏడు గంటలైంది, తొమ్మిది కిలోమీటర్లు నడిచాను. చల్లగా: పైన తెల్లటి కొవ్వు పొర, గింజలు విడివిడిగా, రుచి మూసుకుపోయినట్టు, ఉప్పొక్కటే తెలుస్తోంది. వేడిగా, రెండు బిళ్ళల తర్వాత: రసం చిక్కబడి పెదవులకు అంటుతోంది, వెల్లుల్లి పైకి వచ్చింది, సాసేజీ మెత్తగా ఉంది గాని నమలడానికి ఏమీ లేదు. అడుగున కొంచెం మాడింది, తప్పు నాదే. డబ్బాను రొట్టె ముక్కతో తుడిచి తిన్నాను, మిగిలింది సున్నా. ఉదయం: రాత్రి రెండుసార్లు నీళ్ళకు లేచాను. మళ్ళీ తింటానా: ఇంత నడిచాక, ఇదే చలిలో అయితే రెండు డబ్బాలు. టీవీ ముందు అయితే వద్దు."